లైను కొసన మోటరు

శంషాబాద్‌లో పాత హైవే పక్కన, టైర్ల దుకాణానికీ ఒక చిన్న లాడ్జికీ మధ్య మత్తయ్య మోటరు వైండింగ్ షాపు ఉంది. బోర్డు మీద ఆయన పేరే ఉన్నా, షాపు నడిపేది మాత్రం కూతురు జూలీ. ఆమె ఇంటర్ చదివే రోజుల్లో మత్తయ్యకు చూపు మందగించింది. వెంట్రుకంత సన్నని రాగి తీగ ఆయన కంటికి ఆనడం మానేసింది. కాలేజీ అయ్యాక వచ్చి తండ్రి పక్కన కూర్చుని కాయిల్స్ చుట్టడం మొదలుపెట్టిన పిల్ల, ఇంటర్ తర్వాత ఇక అక్కణ్ణుంచి లేవలేదు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, భర్త ప్రేమ్ రాజ్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఆమె చేతి వేళ్ళకు మాత్రం కాయిల్స్‌కు పూసే వార్నిషు మరక ఎప్పటికీ వదల్లేదు.

జూలీ చుట్టిన మోటరుకు పేరుంది. మంఖాల్ నుంచి కూడా రైతులు బోరు మోటర్లను ట్రాలీ ఆటోల్లో వేసుకుని ఆమె దగ్గరికే వస్తారు. అలా వచ్చేవాళ్ళలో భాగ్యమ్మ ఒకరు. మంఖాల్ శివారులో, ప్లాట్ల కోసం రాళ్ళు పాతిన భూముల అవతల, ఆమెకు కొద్దిపాటి చేను ఉంది. చామంతి వేస్తుంది. పూలన్నీ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి.

ఆ మాఘమాసంలో భాగ్యమ్మ అదే మోటరును మూడోసారి తెచ్చింది. జూలీ మూత విప్పి చూసింది. లోపల తీగ బొగ్గులా నల్లబడి ఉంది. తాను సంక్రాంతి ముందే చుట్టిన తీగ అది.

"మళ్ళీ కాలింది పెద్దమ్మా," అంది నెమ్మదిగా.

భాగ్యమ్మ గడప మీద కూర్చుంది. "నీ పనిల వంక లేదు బిడ్డా. నువ్వు సక్కగనే చుడతవ్, అది సక్కగనే నాలుగు దినాలు నడుస్తది, మళ్ళ కాలుతది. ఇటు మోటరు కాలుతుంటే అటు చామంతి మొగ్గ మీదనే వాడిపోతుంది. ఎప్పటికప్పుడు బాగు చేసుడు కాదు, అసలు కాలకుండ చేసేదేమన్న ఉందా? గది చెప్పు నాకు."

జూలీ విప్పిన మూతను పక్కన పెట్టింది. పదహారేళ్ళుగా మోటర్లు చుడుతోంది. ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు, తనకూ తోచలేదు.

భాగ్యమ్మ వెళ్ళిపోయాక ఆ మాట తండ్రితో అంది. మత్తయ్య నవ్వాడు. "పిచ్చిదానా, మోటర్లు కాలకుంటే మనమేం తినాలె? దవాఖాన పెట్టుకున్నోడు రోగాలు బందు కావాలని మొక్కుకుంటడా?"

"డాక్టరు దగ్గరికి ఒక్క మనిషే ఒక్క రోగంతోని మాటిమాటికొస్తే, ఆ డాక్టరుకు సిగ్గనిపియ్యాలె గద బాపు."

మత్తయ్య ఒప్పుకోలేదు.

మోటరు ఎందుకు కాలుతుందో జూలీకి తెలుసు. భాగ్యమ్మ చేను లైను చిట్టచివర ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయల్దేరిన తీగ దారిలో అన్ని బోర్లకూ కరెంటు పంచుతూ వచ్చేసరికి, కొసన వోల్టేజి మిగలదు. వోల్టేజి తగ్గినకొద్దీ మోటరు తన పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ లాగితే లోపలి రాగి తీగ వేడెక్కుతుంది, వేడెక్కీ వేడెక్కీ చివరికి మాడుతుంది. దీనికి కెపాసిటర్, అంటే కరెంటును కాస్త నిలవ ఉంచే పెట్టె, పెడితే మంచిదని సిటీలో సామాన్లు అమ్మే ఒకాయన ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఒకటి కొనుక్కుని, కొత్తగా చుట్టిన మోటరుతో పాటు మంఖాల్ వెళ్ళింది.

మోటరును ఆన్ చేసే స్టార్టర్ డబ్బా పక్కన కెపాసిటర్ బిగించింది. మోటరు ఆన్ చేసి, బోరులోకి దిగే వైరుకు, కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తగిలించి చూసింది. కెపాసిటర్ ఉన్నా అంతే, తీసేసినా అంతే. అంకె కదల్లేదు. ఏదో పొరపాటు చేశాననుకుని మళ్ళీ బిగించి చూసింది. ఏమీ మారలేదు. ఉంటే నష్టం లేదులే అని దాన్ని అక్కడే వదిలేసి వచ్చింది.

పక్షం తిరగకుండా ఆ మోటరు కాలిపోయింది. ఈసారి భాగ్యమ్మ మోటరు దించి, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు జూలీకి. మర్నాడు పొద్దున్నే విద్యుత్ శాఖ ఆఫీసుకు వెళ్ళి అసిస్టెంట్ ఇంజనీరు గది ముందు నిలబడింది.

ఇంజనీరు శ్రీకాంత్‌ది గుంటూరు వైపు. వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆమె చెప్పింది మొత్తం విని, ఒక ప్రశ్న అడిగాడు.

"క్లాంప్ మీటరు ఏ వైరుకు పెట్టారు జూలీ గారూ?"

"మోటరుకు పోయే వైరుకే సార్."

"అక్కడ ఎప్పటికీ తేడా కనిపించదండి. లైను నుంచి వచ్చే వైరుకు పెట్టి చూడాలి."

ఆమె ముఖంలో అర్థంకానితనం చూసి, కుర్చీ లాక్కుని కూర్చోమన్నాడు.

"చూడండి. మన లైన్లలో కరెంటు కాలువలో నీళ్ళలా ఒకే వైపు పోదు. సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది. మోటరులో రాగి చుట్ట ఉంది కదా, అది అయస్కాంతం కావాలంటే ప్రతి ఊపులోనూ కొంత శక్తి తీసుకుంటుంది, ఊపు మళ్ళగానే తిరిగి ఇచ్చేస్తుంది. అది ఖర్చు కాదు, చేబదులు. నీళ్ళు తోడడానికి తీసుకునేది వేరు, అది మళ్ళీ రాదు. కానీ తీగకు ఈ తేడా తెలియదు. రెండింటినీ మోయాల్సిందే."

"మరి ఆ చేబదులు యాడికెళ్ళి తెస్తది సార్?"

"ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి తెస్తుంది. ప్రతి ఊపుకీ అంత దూరం పోవడం, రావడం. ఊళ్ళో మోటర్లన్నీ అదే పని చేస్తాయి. ఇక ఆ తీగ మీద ఎంత రద్దీ ఉంటుందో చూడండి. కెపాసిటర్ అంటే మోటరుకు పక్కింటామె అనుకోండి. మోటరు తీసుకునే సమయానికి అది ఇస్తుంది, మోటరు ఇచ్చే సమయానికి అది పుచ్చుకుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ పక్కపక్క ఇళ్ళ మధ్యే తేలిపోతాయి. తీగ మీద పని చేసే కరెంటు ఒక్కటే మిగులుతుంది."

"అంటే మోటరు ఎంత తీసుకోవాలో అంతే తీసుకుంటది. అందుకే గా వైరుల అంకె మారలే. మారేది లైను మీద."

"అంతే."

"మరి మోటరెందుకు కాలింది సార్ మళ్ళ?"

"మీరు పెట్టింది ఒక్కటే కదా. మిగతావాళ్ళ చేబదుళ్ళు ఆ తీగ మీద నడుస్తూనే ఉన్నాయి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరూ పెట్టాలి. అప్పుడే కొసన వోల్టేజి లేస్తుంది." శ్రీకాంత్ నిట్టూర్చాడు. "నేను వెళ్ళి చెప్పానండి. ఉచిత కరెంటుకు బిల్లు వేసే మీటర్లు బిగించడానికి వచ్చానని అనుకుని ఒక్కరూ వినలేదు."

"మీరు చెప్తే ఇనరు సార్. నేను చెప్త."

ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రేమ్ రాజ్ క్యాబ్‌లో మంఖాల్ వెళ్ళింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చెట్టు నీడన రైతుల్ని కూర్చోబెట్టమని భాగ్యమ్మకు ముందే చెప్పి ఉంచింది. వచ్చినవాళ్ళలో సగం మంది అనుమానంగానే వచ్చారు.

"ఇయ్యాల డబ్బా అంటరు, రేపు దాని ఎన్కాల్నే మీటరు వస్తది," అన్నాడు ఒకాయన.

"నేను కరెంటాఫీసు మనిషినా అన్నా? మోటర్లు చుట్టేదాన్ని. మీ మోటర్లు కాలితే నాకే లాభం. గట్లాంటి నేనే వచ్చి కాలకుండ చేసుకోండ్రి అంటున్న. ఇగ ఇందుల మోసమేముంటది?"

ఆ మాటకు కొందరు నవ్వారు. జూలీ అంతటితో ఆగలేదు. భాగ్యమ్మ చేను దగ్గరికి అందరినీ నడిపించుకుని పోయింది. లైను నుంచి వచ్చే వైరుకు మీటరు తగిలించి, కెపాసిటర్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూపించింది. పెట్టగానే అంకె కిందికి దిగింది. మోటరు మాత్రం అదే ఊపున నీళ్ళు పోస్తూనే ఉంది. ముందు వరసలో ఉన్నాయన మీటరును తన చేతిలోకి తీసుకుని తానే చూశాడు.

ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది శివశంకర్ ఒక్కడే. అతనివి రెండు బోర్లు, రెండూ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనుకునే ఉన్నాయి. "నా మోటర్లకు ఏ రోగం లేదు. లేని రోగానికి మందెందుకు?" అన్నాడు.

జూలీ అతని ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళిందో. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేవాడు. చివరికి ఒకరోజు గేటు దగ్గరే ఆపి అడిగింది. "నీకు అవసరం లేదు అన్నా, నిజమే. నీ రెండు మోటర్లు లైను మీదికెళ్ళి తీసుకునేది తగ్గితే కిందోళ్ళకు అందుతది. భాగ్యమ్మ చేను లైను కొసన ఉంది గద. ఆమె కోసం పెట్టు."

శివశంకర్ తల గోక్కున్నాడు. "సరే పెట్టు తియ్యి. నువ్వు ఇడిసిపెట్టేటట్టు లేవు."

వారం లోపు అన్ని బోర్లకూ కెపాసిటర్లు బిగించింది. పని తేలికవుతుందని అన్నిటినీ స్టార్టర్‌కు ఇవతల, లైను వచ్చే వైపే కలిపింది.

ప్రమాదం సరిగ్గా శివశంకర్‌కే జరిగింది. ఒకరోజు సాయంత్రం స్టార్టర్ డబ్బాలో ఏదో స్క్రూ వదులైనట్టుంటే, మెయిన్ కట్ చేసి మూత తీశాడు. కరెంటు లేదు కదా అని చేయి పెట్టాడు. ఎవరో ఎత్తి విసిరేసినట్టు వెనక్కి వెళ్ళి బండరాయి మీద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడి మణికట్టు విరిగింది.

మర్నాడు జూలీ మంఖాల్ వెళ్ళేసరికి, ఊళ్ళోవాళ్ళు కెపాసిటర్లన్నీ పీకి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె కింద కుప్ప పోసి ఉన్నారు. ఒక్కరూ ఆమెతో మాట్లాడలేదు. భాగ్యమ్మ మాత్రం దగ్గరికొచ్చి, "ఇప్పుడు ఇంటికి పో బిడ్డా. జనం కోపం మీదున్నరు," అంది.

జూలీ ఇంటికి పోలేదు. శంషాబాద్ దవాఖానకు పోయింది. చేతికి కట్టుతో శివశంకర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మెయిన్ బందు చేసిన. అయినా కొట్టింది," అన్నాడు ఆమెను చూడగానే. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా వినిపించింది. "కరెంటు లేని డబ్బల కెళ్ళి కరెంటు ఎట్లొచ్చింది? చెప్పు!"

"నేను తెలుసుకుంట అన్నా. తెలుసుకోకుండ నీ ముంగటికి మళ్ళ రాను."

కుప్పలోంచి శివశంకర్ కెపాసిటర్‌ను వేరుచేసి శ్రీకాంత్ దగ్గరికి తీసుకుపోయింది. ఇద్దరూ మూత విప్పి చూశారు. లోపల ఉండాల్సిన చిన్న రెసిస్టర్ లేదు. కెపాసిటర్‌లో నిలిచిపోయిన విద్యుత్తును మెల్లగా ఖాళీ చేసే ముక్క అది. తక్కువ ఖరీదుకు చేసినవాళ్ళు దాన్ని పెట్టకుండానే వదిలేశారు. జూలీ కూడా మూత తీసి చూడకుండా అలాగే బిగించింది.

"ఇంకొకటి కూడా ఉందండి," అన్నాడు శ్రీకాంత్. "మీరు దీన్ని స్టార్టర్‌కు ఇవతల కలిపారు. మెయిన్ తీయగానే స్టార్టర్ వదిలేస్తుంది, మోటరు విడిపోతుంది. కెపాసిటర్ తన నిల్వతో ఒంటరిగా మిగిలిపోతుంది. మోటరు వైపు కలిపి ఉంటే, ఆ నిల్వ మోటరు చుట్టలోకి పోయేది, చుట్ట మళ్ళీ కెపాసిటర్‌కు ఇచ్చేది. అలా అటూ ఇటూ ఊగి, తీగలోనే కాస్త వేడై, క్షణంలో సద్దుమణిగేది. వెళ్ళే దారి లేక అది శివశంకర్ చేతి కోసం కాచుకుని కూర్చుంది. నేనూ ఒకసారి వచ్చి చూడవలసింది."

జూలీ పెట్టెను దగ్గరికి లాక్కుని మళ్ళీ లోపల చూసింది. ఒక మనిషి చావు తప్పించుకున్నాడు. ఆ పెట్టె బిగించింది తన చేతులే. ఇక ఈ పని వద్దనుకుంటే తప్పుపట్టేవాళ్ళు ఎవరూ లేరు. వదిలేస్తే మాత్రం మంఖాల్‌లో కెపాసిటర్ అన్న మాట ఇంకెవరూ ఎత్తరు. భాగ్యమ్మ మోటరు కాలుతూనే ఉంటుంది.

ప్రేమ్ రాజ్ క్యాబ్ డిక్కీలో కుప్ప మొత్తం వేసి షాపుకు తెప్పించింది. రెసిస్టర్లు మంచివి తెచ్చి, ఒక్కో పెట్టె విప్పి టంకం వేయడం మొదలుపెట్టింది. రెండో రోజు మత్తయ్య కుర్చీ జరుపుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మూతలు నేను బిగిస్త. స్క్రూలకు కండ్లు అక్కర్లేదు," అన్నాడు.

"వద్దంటివి గద బాపు?"

"మోటర్లు కాలాలె అంటి. మనుషులు కాలాలె అనలే గద." స్క్రూడ్రైవర్ కోసం చేయి చాచాడు. "మత్తయ్య బోర్డు కింద తయారైన పని మీద మనిషికి షాక్ కొట్టిందంటే నాకు నిద్ర పడతదా?"

పని పూర్తయ్యాక జూలీ ముందుగా శివశంకర్ ఇంటికే వెళ్ళింది. చేతికి కట్టు ఇంకా విప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. పెట్టెలో లేని ముక్క సంగతీ చెప్పింది, తాను తప్పు వైపు కలిపిన సంగతీ దాచలేదు.

"నీ బోరు దగ్గర అందరి ముంగట నా చెయ్యే పెట్టి చూపిస్త అన్నా. గప్పుడు నువ్వు వద్దంటే, ఇగ నేను ఈ ఊరికి రాను."

శివశంకర్ తల అడ్డంగా ఊపాడు. "నీకు పిల్లలున్నరు."

"నీకు గూడ ఉన్నరు."

మర్నాడు పొద్దున శివశంకర్ బోరు చుట్టూ జనం చేరారు. శ్రీకాంత్ కూడా వచ్చాడు గానీ, దూరంగా గట్టు మీద నిలబడ్డాడు. ఈసారి కెపాసిటర్‌ను మోటరు వైపు కలిపి ఉంచింది జూలీ. మోటరు ఆన్ చేసింది. నీళ్ళు దూకాయి. మెయిన్ కట్ చేసింది. నీళ్ళు ఆగాయి. పెట్టె కొసలకు వోల్ట్ మీటరు తగిలించి, ముల్లును అందరికీ కనిపించేలా తిప్పింది. ముల్లు సున్నా మీదే ఉంది.

"ఇది మోటరు ఉన్నప్పుడు. మోటరు వైరు తెగిపోతే ఏమైతదో చూడుండ్రి," అంది. మోటరు వైరు విప్పేసి, పెట్టెకు ఒంటరిగా కరెంటిచ్చి, మళ్ళీ కట్ చేసింది. ఈసారి ముల్లు పైనే నిలబడింది. ఆ తర్వాత మెల్లగా జారడం మొదలుపెట్టింది. ఎవరూ కదల్లేదు. ఎయిర్‌పోర్టు నుంచి లేచిన విమానం ఒకటి పెద్ద చప్పుడుతో నెత్తి మీదుగా పోయినా ఒక్కరూ తల ఎత్తలేదు. ముల్లు సున్నాకు చేరింది. జూలీ ఇంకాసేపు ఆగింది. తర్వాత చేతికున్న రబ్బరు తొడుగు తీసి పక్కన పెట్టి, ఉత్త వేళ్ళతో రెండు కొసలనూ పట్టుకుంది.

ఏమీ కాలేదు.

భాగ్యమ్మ ఊపిరి వదలడం పక్కవాళ్ళకు వినిపించింది. శివశంకర్ ముందుకొచ్చి ఎడమ చేతిని చాచాడు. తానూ ముట్టుకున్నాడు. ముట్టుకుని వెంటనే వదల్లేదు.

"బిగించు," అన్నాడు. "నా రెండు మోటర్లకూ బిగించు. మూత మీద మాత్రం రాయి. మెయిన్ తీసినంక ఆగి చెయ్యి పెట్టాలని రాయి. నాకు తెల్వక పెట్టిన, ఇంకొకడు పెట్టొద్దు."

ఎర్ర పెయింటుతో ప్రతి డబ్బా మీదా జూలీయే రాసింది. ఇద్దరు రైతులు అప్పటికీ పెట్టించుకోలేదు. భయం పోలేదన్నారు. ఆమె వాళ్ళను బలవంతపెట్టలేదు.

ఎండాకాలం ముదిరింది. బోర్లన్నీ ఒకేసారి నడిచే రోజులవి. మామూలుగా మంఖాల్ మోటర్లు షాపు ముందు వరస కట్టే కాలం. భాగ్యమ్మ పొలంలో వోల్టేజి మరీ ఎగబాకిందని చెప్పలేం, కానీ మోటరు మూలగకుండా నడిచేంత లేచింది. చేయి పెట్టి చూస్తే వైరు కాలడం లేదు. జూలీ వారానికోసారి వెళ్ళి మీటరు చూసేది. భాగ్యమ్మ ప్రతిసారీ ఒక దోసెడు చామంతులు ఒడిలో పోసేది. చర్చికి తీసుకుపోయేది జూలీ. వానలు పడ్డాయి. ఆ మోటరు మాత్రం షాపు ముఖం చూడలేదు.

మత్తయ్య అన్నట్టే షాపులో పని తగ్గింది. నిజం చెప్పాలంటే ఆ ఏడాది ఇల్లు కాస్త బిగబట్టుకునే నడిచింది. ప్రేమ్ రాజ్ ఎయిర్‌పోర్టు ట్రిప్పులు పెంచుకున్నాడు. "నీ కడుపు నువ్వే కొట్టుకుంటివి," అని మత్తయ్య అప్పుడప్పుడూ సణిగేవాడు. షాపుకు ఎవరొచ్చినా మాత్రం, కూతురు శివశంకర్ పెట్టెను ఉత్త చేత్తో పట్టుకున్న కథ తానే మొదలుపెట్టేవాడు. తాను అక్కడ లేడన్న సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

మెల్లగా వేరే పని వచ్చింది. బుద్వేల్ వైపు ఒక పాల శీతలీకరణ కేంద్రం వాళ్ళు మోటర్లు చూడమని పిలిచారు. శ్రీకాంత్ ఇంకో రెండు ఊళ్ళ పేర్లు చెప్పాడు. మోటర్లు చుట్టడంతో పాటు, అవి కాలకుండా చూడడం కూడా జూలీ పనుల్లో చేరింది.

మొన్న ఒక ఊళ్ళో రచ్చకట్ట మీద పదిమంది ముందు కూర్చుంది. ఎవరో ముసలాయన, "మంఖాల్‌ల ఒకనికి చెయ్యి ఇరిగిందట గద గీ డబ్బలతోని?" అని అడిగాడు.

"అవు తాతా, ఇరిగింది," అంది జూలీ. "నేను తప్పు బిగిస్తే ఇరిగింది. ఎట్ల తప్పైందో ముందుగాల గదే చెప్త. కూసోండ్రి."